చల్లగా అనిపిస్తే మందు దిగినట్టేనా?

మెడ పట్టేసిందనో మోకాలు లాగుతోందనో మెడికల్ షాపుకు వెళ్లి జెల్ అడిగితే ఒక ట్యూబు చేతిలో పెడతారు. దాన్ని తిప్పి వెనక సన్న అక్షరాలు చదివితే చాలా బ్రాండ్లలో ఒకే వరస కనిపిస్తుంది: డైక్లోఫినాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం. మనం నొప్పి మందు అనుకునేది ఒక శాతం చిల్లర, పక్కనున్న మూడూ కలిపితే 18 శాతం. ఈ 18 శాతం ఎందుకు అంటే "వాసనకి, చల్లదనానికి" అంటారు చాలామంది. అది సగం నిజం. అవిసె గింజ, వింటర్‌గ్రీన్ ఆకు, పుదీనా, ఈ మూడింటి మూలం మొక్కలే, కానీ ట్యూబులో వాటి పని ఒకటి కాదు. ఒకటి తనే మందు, ఒకటి మందు వెళ్లడానికి దారి వదులు చేసేది, ఒకటి మెదడుకు చల్లదనం కబురు పంపేది, కొన్నిసార్లు ఒకే పదార్థం మూడు పనులూ చేస్తుంది. "నేచురల్" అని అట్ట మీద అచ్చేసిన పూత మందుల గురించి జరిగే వాదనల్లో సగం ఈ పనుల్ని విడదీసి చూడకపోవడం వల్ల వచ్చినవే.

ముందు గోడ సంగతి. చర్మం అంతా కలిపి మందంగానే ఉంటుంది కానీ బయటి వస్తువుల్ని ఆపేది మాత్రం అన్నిటికంటే పైనున్న స్ట్రాటమ్ కార్నియం అనే చచ్చిన కణాల పొర. శరీరంలో చాలా చోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు, అంటే మామూలు తెల్ల కాగితంలో ఐదో వంతు కూడా సరిగ్గా ఉండదు. అంత పల్చటి పొర స్నానం చేస్తే నీళ్లను లోపలికి రానివ్వదు, ఎండలో లోపలి నీళ్లను బయటికి పోనివ్వదు. గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్ నిండిన చదునైన కణాలు ఇటుకల్లా పేర్చి, వాటి మధ్య సిరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటులా పూసినట్టు ఉంటుందని అమెరికన్ చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ చెప్పిన పోలిక ఇప్పటికీ పాఠాల్లో నడుస్తోంది. ఇటుకల్లోంచి దూరడం కష్టం, కాబట్టి ఏ మందైనా ఎక్కువగా ఆ కొవ్వు సిమెంటు వెంట వంకర్లు తిరుగుతూ పోవాలి. కొవ్వులో కరగనిది అక్కడ అడుగే పెట్టలేదు. కొవ్వులో మరీ ఎక్కువ కరిగేది ఆ సిమెంటులోనే ఉండిపోతుంది, ఎందుకంటే దాని కింద ఉన్న పొరలన్నీ నీళ్లమయం, అక్కడికి దిగడానికి అది ఇష్టపడదు. నూనెలోనూ నీళ్లలోనూ కొంచెం కొంచెం సర్దుకుపోయేదే దాటుతుంది. దాంతోపాటు సైజు కూడా చిన్నదై ఉండాలి. అణుభారం 500 డాల్టన్లు దాటితే మామూలు చర్మం గుండా పోవడం దాదాపు అసాధ్యమని ఆమ్‌స్టర్‌డ్యామ్ చర్మవైద్యులు బాస్, మైనార్డి 2000లో రాశారు, అదే 500 డాల్టన్ల నియమంగా స్థిరపడింది.

ఈ నియమాన్ని ల్యాబు లేకుండా చూడాలంటే పొగాకు చేలోకి వెళ్లాలి. ప్రకాశం జిల్లాలోనో జంగారెడ్డిగూడెం వైపో తెల్లవారుజామున మంచు పడిన పచ్చాకు కోసే పనిలో ఉన్నవాళ్లకు తల తిరగడం, వాంతులు, తలనొప్పి వస్తే ఎండ దెబ్బ అనో పైత్యం అనో అనుకోవచ్చు, కానీ దీనికి వైద్యంలో ఒక పేరుంది, గ్రీన్ టొబాకో సిక్‌నెస్. అమెరికా పొగాకు రాష్ట్రాల్లో 1970ల్లో వైద్యులు దీన్ని నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆకు మీది తేమలో నికోటిన్ కరుగుతుంది, 100 మిల్లీలీటర్ల మంచు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు, ఆ నీళ్లతో బట్టలు తడిసి ఒంటికి అంటుకుని గంటల తరబడి ఉంటే జీవితంలో ఒక్క బీడీ కాల్చని మనిషికి కూడా నికోటిన్ ఎక్కుతుంది. నికోటిన్ అణుభారం 162, నూనెలోనూ నీళ్లలోనూ కరుగుతుంది, చర్మం అడ్డుకోవడానికి అందులో ఏమీ లేదు. సిగరెట్ మాన్పించడానికి 1990ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన నికోటిన్ ప్యాచ్ చేసేది కూడా ఇదే, కాకపోతే అక్కడ మోతాదు చేతిలో ఉంటుంది, చేలో ఉండదు.

ఉమ్మెత్త కథ కూడా ఇలాంటిదే. ఉమ్మెత్త ఆకుకు ఆముదం రాసి వెచ్చచేసి వాచిన కీలు మీద కట్టడం మన ఊళ్లలో తెలిసిన వైద్యమే. ఆ కుటుంబపు మొక్కల్లో ఉండే స్కోపోలమైన్ అణుభారం 303. అమెరికాలో 1979లో అనుమతి పొందిన మొట్టమొదటి ట్రాన్స్‌డెర్మల్ (చర్మం గుండా మందు పంపే) ప్యాచ్ సరిగ్గా ఈ మందుతోనే వచ్చింది, ఓడ ప్రయాణంలో కారు ప్రయాణంలో వచ్చే వికారానికి చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ల. అందులో ఉండేది మిల్లీగ్రామున్నర, మూడు రోజుల్లో లోపలికి వెళ్లేది మిల్లీగ్రాము దగ్గర. ప్యాచ్ ముట్టుకున్న వేలితో కన్ను నులుముకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుందని దానితోపాటు హెచ్చరిక కూడా వస్తుంది. ఆకు కట్టుకూ ఈ బిళ్లకూ తేడా మందులో లేదు, గంటకు ఎంత వదలాలో నిర్ణయించే పొర బిళ్లలో ఉంది, ఆకులో లేదు. ఒక చెట్టు ఆకులో ఎంత, పక్క చెట్టు ఆకులో ఎంత, లేత ఆకా ముదురు ఆకా, ఎవరూ చెప్పలేరు.

చెవి వెనకే ఎందుకు అతికిస్తారన్నది కూడా తెలుసుకోదగ్గదే, ఒంటి మీద చర్మం అన్ని చోట్లా ఒకేలా వదలదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు హైడ్రోకార్టిసోన్ అనే స్టీరాయిడ్ మందును ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేతి లోపలి వైపు ఒకటి అనుకుంటే నుదుటి మీద 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు, వృషణాల తిత్తి మీద 42 రెట్లు, అరికాల్లో మాత్రం ఏడో వంతు. జలుబు చేసిన పిల్లాడి అరికాళ్లకు బామ్ రాసి సాక్సులు తొడిగే చిట్కా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది కదా, మందు లోపలికి పోవడానికి ఒంటి మీద అంతకంటే చెడ్డ చోటు దొరకదు. పిల్లాడికి తేలిక అనిపిస్తే అది ముక్కుకు తగిలిన వాసన పుణ్యం.

ఇప్పుడు దాటలేనివాటి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ప్రకటనల్లో ఎక్కువ వినబడేవి ఇవే. వేపలోని అజాడిరక్టిన్ అణుభారం 720, దాటదు. ఫేస్ క్రీముల్లో పోసే కొలాజెన్ మూడు లక్షల డాల్టన్ల అణువు, అది చర్మం లోపలికి వెళ్లి మన కొలాజెన్‌తో చేరిపోతుందనడం బస్తాను తాళం కన్నంలోంచి తోస్తామనడం లాంటిది (పైన కూర్చుని తేమను పట్టి ఉంచుతుంది, ఆ మేరకు మంచిదే). పసుపుది వేరే తంటా. దుగ్గిరాల పసుపైనా నిజామాబాద్ పసుపైనా అందులో కుర్‌కుమిన్ ఉండేది మహా అయితే రెండు నుంచి ఐదు శాతం, దాని అణుభారం 368, అంటే సైజు పరీక్ష పాసైనట్టే. అయినా లోపలికి సరిగా పోదు. 180 డిగ్రీలు దాటితే గానీ కరగని గట్టి స్ఫటికం అది, నీళ్లలో కరగదు, క్షారం తగిలితే విరిగిపోతుంది. నీళ్లతో కలిపి రాసిన పసుపు ముద్దలో అదంతా పొడిగానే ఉండిపోతుంది, కరగని పొడి ఏ చర్మమూ దాటలేదు. నూనెలో కలిపితే కొంత కరుగుతుంది, పై పొరల్లోకి ఇంకుతుంది, కడిగినా రెండు రోజులు పోని పచ్చదనం అదే, ఆ చచ్చిన కణాలు రాలిపోయేటప్పుడు వాటితోపాటే చాలావరకు పోతుంది.

అలాగని పసుపు దండగ అని కాదు. తెగిన చోట, గీసుకుపోయిన చోట అసలు గోడే లేదు, అక్కడ చర్మం దాటడం అనే ప్రశ్నే ఉండదు. గాయానికి పసుపు అద్దడంలో పనిచేసే తర్కం అదీ. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా ఇచ్చిన పేటెంటు కూడా గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీదే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలు చూపించి కొట్లాడితే 1997లో రద్దయింది. ఆ కేసును తలుచుకుని గర్వపడేవాళ్లు చాలామంది ఆ పేటెంటు గాయం గురించే తప్ప నున్నటి చర్మం గురించి కాదన్న సంగతి మర్చిపోతారు.

మందు తనంతట తాను దాటలేకపోతే దారి వదులు చేయాలి. ఈ పని చేసేవాటిని పెనెట్రేషన్ ఎన్‌హాన్సర్లు అంటారు, మొక్కల పదార్థాలకు నిజంగా ఎదురులేనిది ఇక్కడే. మనం ఘాటు అనుకునే వాసనలన్నీ, నీలగిరి తైలంలో సినియోల్, పుదీనాలో మెంథాల్, కర్పూరం, నిమ్మ తొక్కలో లిమొనీన్, ఇవన్నీ టెర్పీన్ల కుటుంబం, అణుభారం 136 నుంచి 156 మధ్య. ఇంత చిన్నవి, ఇంత నూనె గుణం ఉన్నవి చర్మపు సిమెంటులోకి సులువుగా దూరి అక్కడ క్రమంగా పేర్చి ఉన్న కొవ్వు అణువుల్ని చెదరగొడతాయి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియమ్స్, బ్యారీ 1990 ప్రాంతంలో చేసిన పరీక్షలు దీనికి పునాది. చర్మం గుండా చాలా తక్కువగా పోయే 5-ఫ్లోరోయూరాసిల్ అనే క్యాన్సర్ మందును తీసుకుని, మానవ చర్మాన్ని ముందు నీలగిరి తైలంతో నానబెట్టి చూస్తే మందు పోయే వేగం 30 రెట్ల దాకా పెరిగింది, ఒట్టి సినియోల్‌తో దాదాపు 90 రెట్లు. ఆ 90 చూసి గంతులేయక్కర్లేదు, అది చిక్కటి నూనెతో గంటల కొద్దీ నానబెట్టిన చర్మం, మనం రాసుకునే బామ్‌లో అదే నూనె కొన్ని శాతాలే ఉంటుంది. కానీ దిశ ఎటన్నది దాంతో తేలిపోయింది.

మెంథాల్‌కు ఇంకో విద్య కూడా ఉంది, దాన్ని మన ఇళ్లలో ఎప్పట్నుంచో చేస్తున్నారు. పిప్పరమెంటు పువ్వు (మెంథాల్ అంటే ఇదే), వాము పువ్వు, ముద్ద కర్పూరం, మూడూ గట్టిగా ఉండే పలుకులే. మూడింటినీ ఒక సీసాలో వేసి మూత పెట్టి ఊపితే, పొయ్యి లేదు నీళ్లు లేవు, కాసేపటికి అంతా నూనెలా కరిగిపోతుంది. అదే అమృతధార. రెండు మూడు గట్టి పదార్థాలు కలిసినప్పుడు ఒకదాని స్ఫటికంలోకి ఒకటి చొరబడి వరస చెడగొట్టుకుని, విడివిడిగా కరిగే వేడి కంటే చాలా తక్కువ వేడికే కరగడం ఇది, యూటెక్టిక్ మిశ్రమం అంటారు. చర్మానికి దీంతో ఏం పని అంటే, కరిగే వేడి ఎంత తగ్గితే ఆ పదార్థం చర్మపు కొవ్వులో అంత ఎక్కువ కరుగుతుంది. ఐబుప్రొఫెన్ విడిగా 76 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెంథాల్‌తో తగిన పాళ్లలో కలిపితే గది వేడిలోనే ద్రవం. సూది గుచ్చే ముందు చర్మం మొద్దుబారడానికి రాసే లిడొకెయిన్, ప్రిలొకెయిన్ క్రీమ్ నడిచేది కూడా ఇదే సూత్రం మీద, అక్కడ మొక్కలతో పనిలేదు. హైదరాబాద్‌లో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్ సీసాలోనూ నీలగిరి తైలం, మెంథాల్, కర్పూరం, వాము పువ్వుల కలగలుపే. దేశోద్ధారకుడు కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా ఈ వంశంలోదే, ఆ సొమ్ముతోనే ఆంధ్రపత్రిక నడిచిందన్నది తెలుగువాళ్లు మర్చిపోకూడని ముచ్చట. ఈ మందులు కనిపెట్టినవాళ్లను నడిపింది యూటెక్టిక్ అనే మాట కాదు, చేతి అనుభవం.

ఇక చల్లదనం. బామ్ రాయగానే చల్లగా అనిపిస్తే "దిగుతోంది" అంటారు, మండితే "ఇంకా బాగా దిగుతోంది" అంటారు. రెండూ చర్మంలోని నరాల కొసల దగ్గర జరిగే మాయ. చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ద్వారాన్ని మెంథాల్ తెరుస్తుంది, అక్కడి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గకపోయినా మెదడుకు చలి అని కబురు వెళ్తుంది. వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1ను మిరపలోని క్యాప్సైసిన్ తెరుస్తుంది. ఈ ద్వారాల్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు (పటపూటియన్‌కు స్పర్శను గుర్తించే ద్వారాలకు కూడా కలిపి) 2021 నోబెల్ వచ్చింది. కాబట్టి చల్లదనం వల్ల తెలిసేది మెంథాల్ తన నరం దాకా చేరిందన్న ఒక్క విషయమే, పక్కనున్న డైక్లోఫినాక్ కీలు దాకా చేరిందో లేదో దానివల్ల తెలియదు. ఒక శాతం డైక్లోఫినాక్ జెల్ మోకాలికి రోజూ రాస్తే రక్తంలో చేరేది మాత్ర మింగినప్పటితో పోలిస్తే ఆరు శాతం దగ్గర, అది చల్లగా ఉన్నా లేకున్నా అంతే. కడుపులో మంట రాకుండా ఉండటానికి ఆ తక్కువే దాని మంచితనం, అది వేరే లెక్క.

అయితే క్యాప్సైసిన్ విషయంలో ఆ మంటే మందు, ఇక్కడ పై మాటకు మినహాయింపు ఇవ్వాలి. గుంటూరు, ఖమ్మం మిర్చి కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లకు చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదని తెలుసు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది, నూనె రుద్ది తుడిచి ఆ తర్వాత సబ్బుతో కడిగితే కాస్త వదులుతుంది. అదే క్యాప్సైసిన్‌ను 8 శాతం ప్యాచ్‌లో పెట్టి, డాక్టరు దగ్గరుండి, గ్లవ్స్ వేసుకుని, గంటసేపు అతికిస్తే ఆ చోటి నరాల కొసలు మొద్దుబారి, అక్కి తగ్గాక మిగిలిపోయే మంట నొప్పి నెలల తరబడి తగ్గుతుంది. దానికి అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. ఇళ్లలో వాడే క్రీముల్లో మాత్రం 0.025, 0.075 శాతాలే, అదీ రోజుకు మూడు నాలుగుసార్లు వారాల తరబడి రాస్తే గానీ ఫలితం తెలియదు, మొదటి వారమే మంటకు భయపడి చాలామంది మానేస్తారు.

నూనెల దగ్గర మన అలవాట్లకు కొంచెం ఇబ్బంది కలిగించే విషయాలున్నాయి. నూనె రాస్తే ఎముకల్లోకి ఇంకుతుంది అంటారు. నూనెలో ప్రధానంగా ఉండేవి ట్రైగ్లిసరైడ్లు, వాటి అణుభారం 880 దాకా ఉంటుంది, అవి పైనే ఉంటాయి. కానీ చర్మం మీద ఉండే సూక్ష్మజీవుల ఎంజైములు వాటిని కొంచెం కొంచెం విరిచి కొవ్వు ఆమ్లాలు చేస్తాయి, చిన్నవైన ఆ కొవ్వు ఆమ్లాలు ఇంకుతాయి. వాటిలో ఓలియిక్ ఆమ్లానికి మధ్యలో ఒక వంపు ఉంటుంది, ఆ వంపు వల్ల అది చర్మపు కొవ్వుల వరసలో ఇమడక సందులు చేస్తుంది, ఫార్మసీ వాళ్లు దాన్ని ఎన్‌హాన్సర్‌గా వాడేది అందుకే. మందు పంపాలంటే మంచి గుణం, పసిబిడ్డ చర్మానికైతే నష్టం. ఓలియిక్ ఎక్కువున్న ఆలివ్ నూనె పెద్దవాళ్ల చర్మం మీద కూడా పై పొర కట్టును బలహీనపరిచిందని, లినోలియిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఎక్కువున్న పొద్దుతిరుగుడు నూనె ఆ కట్టును కాపాడిందని ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో చూపించారు. అంతకు ముందు ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే, రాయని బిడ్డలకంటే ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తక్కువ వచ్చాయి (2005లో అచ్చయింది). ఖరీదు పెట్టి ఆలివ్ నూనె తెచ్చి పిల్లలకు మర్దనా చేసేవాళ్లకు ఈ మాట చెబితే కొట్టేలా చూస్తారు. నువ్వుల నూనెలో రెండు ఆమ్లాలూ ఇంచుమించు సగం సగం, అది ఎటూ కాని మధ్యస్థం.

పూత మందులో సగానికి పైగా ఉండేది మందూ కాదు, ఎన్‌హాన్సరూ కాదు, వాటిని మోసే వాహకం. ఇది ఎవరూ పట్టించుకోని భాగం, కానీ మందు చర్మంలోకి పోవాలా వాహకంలోనే ఉండిపోవాలా అన్నది తేల్చేది ఇదే. మందు వాహకాన్ని మరీ ఇష్టపడితే అందులోనే కూర్చుంటుంది, నూనెలో బాగా కరిగే మందును నూనెలోనే ఇస్తే బయటికి రాదు. రెండో శతాబ్దంలో గేలెన్ తేనె మైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్లు కలిపి చేసిన పూత ఇవాళ్టి కోల్డ్ క్రీములకు తాత. మన శతధౌత ఘృతం, నెయ్యిని రాగి పాత్రలో వంద సార్లు నీళ్లతో కడిగి కడిగి వెన్నకంటే మెత్తగా చేసేది, అదీ ఒక వాహకమే. ఆధునికంగా అయితే సోయా లెసిథిన్‌తో చేసే లైపోజోములు అనే సన్నటి కొవ్వు బుడగలు, కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో మెజై బృందం 1980లో స్టీరాయిడ్‌ను వాటిలో పెట్టి రాస్తే చర్మంలో ఎక్కువ నిలిచిందని చూపించింది. "నానో" అని పేరు పెట్టుకున్న క్రీములు చెప్పుకునేట్టు ఆ బుడగలు చెక్కుచెదరకుండా రక్తం దాకా పోవు, పై పొరల్లోనే విచ్చుకుని అక్కడ ఒక నిల్వ ఏర్పరుస్తాయి, చర్మ రోగానికి కావలసింది కూడా అదే.

అన్ని వాహకాల్లోకీ మనకు దగ్గరిది తపసి బంక. అల్లూరి జిల్లా ఏజెన్సీలో, తెలంగాణ అడవుల్లో తపసి చెట్టు కాండానికి గాటు పెడితే కారే జిగురును గిరిజనులు సేకరించి అమ్ముతారు, గిరిజన సహకార సంస్థలు కొంటాయి. నీళ్లు తగిలితే ఉబ్బి అంటుకునే గుణం దానికి ఉంది, చర్మాన్ని గీరుకోనివ్వదు. పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద సంచి పెట్టుకోవాల్సిన వాళ్ల చర్మాన్ని కాపాడటానికి 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో దీన్ని వాడటం మొదలుపెట్టారు. తర్వాత పులిపిర్లకు 15 శాతం సాలిసిలిక్ ఆమ్లం పట్టిన చిన్న ప్యాచ్ ఒకటి వచ్చింది, దాని ఒళ్లంతా ఈ బంకే. మందును పట్టి ఉంచడం, చర్మానికి అంటుకోవడం, లోపలి తేమను నిలిపి చర్మాన్ని నానబెట్టడం, మూడూ తనే చేసుకుంది. రొయ్యల పెంపకంలో దేశంలో ముందున్న మన కోస్తాలో గుట్టలుగా మిగిలే రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ కూడా ఇలా జెల్‌లలోకి, గాయం పట్టీల్లోకి పోతోంది. పసుపు, వేప పేర్లు వినిపించినంతగా వీటి పేర్లు వినిపించవు, అట్ట మీద బొమ్మ వేయడానికి అందంగా ఉండవు మరి.

నానబెట్టడం అన్నాం కదా, ఆకు కట్టులో అసలు కిటుకు అదే. జిల్లేడు ఆకో ఆముదం ఆకో వెచ్చచేసి కట్టు బిగిస్తే ఆకులో ఏముందన్నది తర్వాత సంగతి, కప్పడం వల్ల చెమట ఆరక పై పొర నాని ఉబ్బుతుంది, వేడికి కొవ్వు సిమెంటు మెత్తబడుతుంది, కింద రక్తప్రసారం పెరుగుతుంది. ఈ మూడూ కలిస్తే ముందు రాసిన తైలం మామూలుకంటే బాగా ఎక్కువ దిగుతుంది. ట్యూబుల మీద "రాసి కట్టు కట్టవద్దు, కాపడం పెట్టవద్దు" అని రాసేది ఈ కారణానికే, కానీ మనవాళ్లు బామ్ రాసి, పైన వేడి నీళ్ల సంచి పెట్టి, దుప్పటి కప్పి పడుకోబెడతారు.

మిథైల్ సాలిసిలేట్‌తో ఈ పని చేయడం ప్రమాదం. వింటర్‌గ్రీన్ నూనెలో 95 శాతానికి పైగా అదే, లోపలికి వెళ్లాక ఆస్పిరిన్ బంధువైన సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల చిక్కటి నూనెలో ఉన్న సాలిసిలేట్ 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినదానితో సమానం, పసిపిల్లలకు అంతకంటే తక్కువే ప్రాణాంతకం. 2007లో న్యూయార్క్‌లో 17 ఏళ్ల పరుగుల క్రీడాకారిణి ఒకరు నొప్పి క్రీములు ఒంటినిండా విపరీతంగా వాడి చనిపోయారు, రక్తంలో తేలింది మిథైల్ సాలిసిలేటే. గుండె కవాటం ఆపరేషనయ్యో రక్తం గడ్డకట్టో దాన్ని పల్చబరిచే వార్ఫారిన్ మందు వేసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మోకాళ్లకు రోజూ రాసే ఇలాంటి తైలం గురించి డాక్టరుకు చెప్పాలి, రక్తస్రావం పెరిగిన కేసులున్నాయి. కర్పూరాన్ని మింగితే పిల్లలకు మూర్ఛలొస్తాయి, రెండేళ్ల లోపు వాళ్లకు రాయకూడదు, అమెరికాలో 11 శాతం మించనివ్వరు. ఇంకో సంగతి, మార్కెట్లోని కర్పూరంలో ఎక్కువ భాగం కర్పూర చెట్టుది కాదు, టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో చేసినది, మిథైల్ సాలిసిలేట్ కూడా అంతే. చర్మానికి ఆ తేడా తెలియదు, అణువు ఒకటే.

మొక్కది కాబట్టి మెత్తగా ఉంటుందన్న నమ్మకానికి నల్లజీడి చాలు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తుకు వాడే ఆ గింజ రసంలోని జిడ్డు పదార్థాల అణుభారం 320కి అటూఇటుగా, కొవ్వులో బ్రహ్మాండంగా కరుగుతుంది, ఆ రసంతో గుర్తు పెట్టిన చొక్కా మెడ పట్టీ తగిలి బొబ్బలొచ్చిన వాళ్లు ఎందరో. బావంచాలది ఇంకా తమాషా. బొల్లికి రాసే ఆ నూనెలోని సోరలెన్ అణుభారం 186, అలవోకగా దిగుతుంది, దిగి ఊరుకుంటే ఏమీ చేయదు, ఎండ తగిలితేనే పనిచేస్తుంది. కైరోలో ఎల్ మొఫ్తీ 1940ల్లో ఇదే జాతి పదార్థాన్ని వేరే మొక్కలోంచి తీసి బొల్లికి వాడి చూపించాక అది ఆధునిక వైద్యంలో పువా చికిత్సగా (సోరలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పట్టడం) ఎదిగింది, అక్కడ దీపం కింద ఎన్ని సెకన్లు నిలబడాలో కూడా లెక్క. ఇంట్లో నూనె రాసుకుని మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే వచ్చే కాలుడు బొబ్బలు ఆ లెక్క లేకపోవడం వల్లే.

ల్యాబు పరీక్షల గురించి కొంచెం. చర్మం గుండా ఎంత పోయిందో కొలిచేది ఫ్రాంజ్ సెల్ అనే గాజు పాత్రలో, 1975 నుంచి వాడుకలో ఉంది. పైన ఒక గది, కింద ఒక గది, మధ్యలో చర్మం ముక్క. పైన మందు రాసి కింది గదిలోని ద్రవంలో గంట గంటకూ ఎంత చేరిందో కొలుస్తారు. ఆ మధ్యలో పెట్టిన ముక్క ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఎలుక చర్మం మన చర్మం కంటే చాలా ఎక్కువ వదులుతుంది, పంది చెవి చర్మం మనకు దగ్గర. డయాలసిస్ పొర పెట్టి కొలిస్తే తెలిసేది జెల్‌లోంచి మందు బయటికి వస్తోందా లేదా అన్నది మాత్రమే, చర్మం దాటుతుందా అన్నది కాదు. హెర్బల్ జెల్‌ల మీద వచ్చే పేపర్లు చదివేటప్పుడు మధ్యలో ఏ పొర పెట్టారో చెప్పే ఒక్క వాక్యం ముందు వెతికితే సగం పేపర్లు పక్కన పెట్టేయొచ్చు.

రెండో ప్రశ్న నూనెది. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ప్రకారం మందులో వాడే నీలగిరి తైలంలో సినియోల్ కనీసం 70 శాతం ఉండాలి. మనం జామాయిల్ అని ఒకే పేరుతో పిలిచే చెట్లలో నిమ్మవాసన వచ్చే రకం నూనె తీస్తే అందులో ఎక్కువుండేది సిట్రొనెల్లాల్, సినియోల్ నామమాత్రం. రెండు సీసాల మీదా యూకలిప్టస్ నూనె అనే రాసి ఉండొచ్చు. నిమ్మ తొక్కల నూనెను మూత తీసి వదిలేస్తే అందులోని లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణమై ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారుతుంది, తాజా నూనె పడినవాళ్లకు పాత సీసా దద్దుర్లు తెప్పించేది దీనివల్లే.